ఊరు పేరు లేని పటములు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు. ఈ మూడూళ్లలో నివసించు కొందఱు మిత్రులు కొంతకాలముగా ఛాయాచిత్రములు తీయు వేడుకలో పడినారు. వారిలో నెవ్వరికిని ఇది జీవనోపాధి కాదు. ఒకరు మందుల దుకాణము నడుపుదురు. ఇద్దఱు మావలెనే బడిపంతుళ్లు. ఒకరు రైల్వేలోను, ఒకరు బ్యాంకులోను కొలువు చేయుచున్నారు. ఇల్లాండ్రు నలుగురైదుగురు గలరు. ప్రతి ఆదివారము సాయంకాలమున ఒక్కొక్కరు ఆ వారములో తాము తీసినవానిలో నొక్క పటమును వాట్సాపు బృందములో నుంచుదురు. తక్కినవారు చూచి తమకు తోచినది వ్రాయుదురు. అసలు కెమెరా గలవారు ముగ్గురో నలుగురో. మిగిలినవారికి చేతిలోని సెల్‌ఫోనే సాధనము. ఇట్లు కూడిన పటములను, ఇంచుమించు ఏడువందలు, వారు మాకు పంపి తప్పొప్పులు చెప్పుడని కోరిరి. మేము పటములు తీయువారము కాము. కావ్యములు చదివి, చదివించి, పరీక్షకాగితములు దిద్ది పొట్ట పోసికొనువారము. ఎఱ్ఱసిరా కలము చేత నున్నవానికి తప్పులు పట్టుట వెన్నతో పెట్టిన విద్య యని వారు తలచియుందురు. ఆ తలపు పొరబాటు కాదు.

అయినను ముందుగా ఒక్క మంచిమాట చెప్పవలసియున్నది. ఇంటిలో నొకరి కిట్టి వేడుక పుట్టినపుడు పెద్దలు తిన్నది అరుగక చేయు పని యని యీసడింతురు. మే మట్లనము. హైదరాబాదు రాజ్యమున ఈ విద్యకు పేరు తెచ్చిన రాజా దీనదయాళు మొదట వేడుకకు కెమెరా పట్టినవాడే. మీరటు సమీపమున సార్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో సర్కారు కట్టడములకు నక్షాలు గీయుచు, ముప్పది యేండ్ల వయసున, 1874 ప్రాంతమున, తీఱిక వేళలలో ఈ పని నేర్చుకొనెను. పిదప ఆఱవ నిజాము ఆయనను తన యాస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించెను. జూలియా మార్గరెట్ కామెరన్ అను నామె 1815లో కలకత్తాలో పుట్టినది. నలువదియెనిమిదవ యేట కూతురును అల్లుడును కానుకగా నిచ్చిన కెమెరాతో ఇంగ్లండులో పని మొదలిడి, పటములు మసకగా నున్నవని నాటి విమర్శకులచేత చీవాట్లు తిన్నది. ఆ మసకయే నేడామె కీర్తికి కారణమైనది. కావున నలువది దాటిన మా మందులకొట్టు మిత్రుడు తన వయస్సును గూర్చి మాటిమాటికి సిగ్గుపడ నక్కఱలేదు.

ఇక నెఱ్ఱసిరా.

ఏడువందల పటములలో నూటయిరువదికి పైగా సూర్యాస్తమయములే. గద్వాల కోటమీద అస్తమయము, జూరాల నీటిమీద అస్తమయము, సరళాసాగరము కట్టమీద అస్తమయము, తుదకు ఒక పెట్రోలు బంకు వెనుక అస్తమయము. సెల్‌ఫోను తనంతట తానే రంగులను కొంత పెంచును. తీసినవారు దానిపై మరికొంత పెంచుదురు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న మా నడిగడ్డ యాకాశము ప్రతి సాయంకాలమును నారింజరసము ఒలికినట్లు కనబడును. ఆ కోటగోడ మట్టిగోడ. సాయంకాలపు టెండలో దాని యసలు రంగు కాలిన రొట్టె రంగు. ఆ రంగు ఈ నూటయిరువదింటిలో నొక్కదానియందును లేదు. కోట లోపల కళాశాల గలదు; ప్రొద్దుగూకు వేళ బాలబాలికలు పుస్తకముల సంచులతో ఆ గోడ నానుకొని నిలిచి బస్సునకు చూచుచుందురు. వారును ఒక్క పటమున లేరు. అడ్డు వచ్చిరని తొలగి నిలువుమన్నారట! వనపర్తి రాజప్రాసాదము మాటయు నిట్టిదే. 1959లో అందు పాలిటెక్నిక్ కళాశాల నెలకొన్నది. రాజుల సౌధములో పల్లెపిల్లలు యంత్రవిద్య నేర్చుట కంటె చూడదగినది ఆ కట్టడమున నేమున్నది? మా మిత్రులు మాత్రము ఆదివారమునాడు, విద్యార్థులెవ్వరు లేనప్పుడు పోయి, కమానులను మాత్రము తీసికొనివచ్చిరి.

ఇట్టి పటము లన్నింటికిని నలువదేసి మెప్పులు వచ్చినవి. మా విమర్శలో సగభాగము తీసినవారికి గాక చూచినవారికి చెందవలసియున్నది.

రాజశేఖరుడు కావ్యమీమాంసలో ప్రతిభ రెండు విధము లనెను. రచించువానికి కారయిత్రి, ఆస్వాదించువానికి భావయిత్రి. ఆస్వాదించువారిని మరల నాలుగు తెగలుగా పంచి చూపెను. ఏదియు రుచింపనివాడు అరోచకి. అన్నముతో పాటు గడ్డిని కూడ మ్రింగువాడు సతృణాభ్యవహారి. ఒరుల మేలు చూచి యోర్వలేనివాడు మత్సరి. వస్తుతత్త్వమును పట్టుకొనిగాని విడువనివాడు తత్త్వాభినివేశి. వేయి యేండ్లనాటి యీ విభాగము మా మూడూళ్ల బృందమునకు అచ్చుగ్రుద్దినట్లు సరిపోయినది. అరోచకి యొక్కడు గలడు; అతడు విశ్రాంతి పొందిన యుద్యోగి; అన్నిటికిని 'ఇంకను బాగుండవలసినది' అని వ్రాయును గాని యెట్లో చెప్పడు. మత్సరు లుందురేమో, పైకి తేలరు. తత్త్వాభినివేశిని ఏడువందల పటముల క్రింద వెదకి వెదకి విసిగితిమి. తక్కినవారందఱును గడ్డితో భోంచేయువారే.

వారి నాలుక చెడినదని మే మనము. మొగమాటము చేత నట్లు చేయుచున్నారు. పెండ్లిలో చదివింపులవలె, నీవు నా పటమునకు 'అద్భుతము' చదివించితివి గనుక నీ పటమునకు నేనును తిరిగి చదివింపవలెను. పుస్తకము వ్రాసికొనకున్నను లెక్క మాత్రము తప్పదు. ఇట్టి మెప్పువలన తీసినవానికి మిక్కిలి హాని కలుగును. తాను పట్టుకొన్నదేమో, విడిచినదేమో వాని కెన్నటికిని తెలియదు. చికాగోలో దాదిగా పని చేసిన వివియన్ మేయర్ అను నామె జీవితకాలమున లక్షకు పైగా పటములు తీసి యెవ్వరికిని చూపలేదు. 2007లో ఆమె సామానులను వేలము వేసినపుడు అవి బయటపడినవి. 2009లో ఆమె మరణించినది. మెప్పు లేకయే ఆమె కన్ను పదునెక్కినది గదా యని మా మిత్రు డొకడు వాదించెను. నిజమే. అట్టివారు లక్ష కొకరుందురు. మనవంటివారికి నిజము చెప్పు నేస్తుడొకడు కావలెను.

కొన్ని పటములను విడిగా చూతము.

బ్యాంకు మిత్రుడు తీసిన గద్వాల నేతగాని పటము బృందమున మిక్కిలి మన్ననకెక్కినది. ముదురు వెలుగు, నవ్వుమొగము, వెనుక రంగురంగుల నూలుచిలుపలు. ఒక్కసారి చూచిన మఱవరాదు. అయినను మాకది తీఱని కొఱతగా కనబడెను. గద్వాల చీరకు ఒడలు నూలు. అంచును కొంగును పట్టు. గుణమున వేఱైన యా రెండు పోగులను మగ్గముమీదనే ఒకదానితో నొకటి పెనవేయుదురు. ఆ కుప్పడపు నేతలో ప్రాణమంతయు ఆ కలయికచోటనే యున్నది. చేయి ఏమఱిన అంచు ముడుచుకొనును; బిగి తప్పిన విడిపోవును. పటములో ఆ చోటు లేదు. నేతగాడు గుంటమగ్గమున కూర్చుండి, నాడెను చేత బట్టుకొని, పని యాపి కెమెరాను చూచి నవ్వుచున్నాడు. 'ఇటు చూడన్నా' అని పిలిచినా మని మిత్రుడే యొప్పుకొనెను. ఆయన పిలువకున్నచో ఆ కన్నులు పోగుమీద నుండెడివి. మన కన్నులును అచటికే పోయెడివి. పటము క్రింద 'మన సంస్కృతి' యని వ్రాయబడినది. ఆయన పేరేమి? ఏ వీధి? ఆ చీర ఎన్నాళ్ల నేత? దానికి వచ్చు కూలి యెంత? ఆ మగ్గము తండ్రినాటిదా, తాతనాటిదా? ఒక్కటియు లేదు. మూడుగంటలు ఆ యింట కూర్చుండి, చాయ త్రాగి, నూటపది పటములు తీసి వచ్చిన మనుష్యునికి అడుగ తీఱిక లేకపోయెను!

మందులకొట్టు మిత్రుని జూరాల పటము వేఱు. వరద వచ్చి తలుపులెత్తిన దినమున ఆనకట్టకు జనము తిరునాళ్లకువలె పోవుదురు. అందఱును తలుపులనుండి దూకు నీటినే తీయుదురు. ఈయన నీటికి వీపు త్రిప్పి జనమును తీసెను. వరుసగా నిలిచినవారు ముప్పదిమంది. అందఱి వీపులును నీటివైపు, మొగములు తమతమ ఫోనులవైపు. వారి నడుమ, క్రింద పొయ్యి ముందు కూర్చున్న యొక యామె మాత్రము ఫోనును గాక, పెనముమీది చేపముక్కను చూచుచున్నది. పొగ ఎడమకు వాలినది గనుక గాలి ఏవైపుననో తెలియుచున్నది. క్షితిజరేఖ వంకర పోయినది. పోనిండు. అభినవగుప్తుడు చెప్పిన సహృదయుడు ఈ పటము ముందు కొంతసేపు నిలుచునని మా నమ్మకము. బృందమున దీనికి వచ్చిన మెప్పులు పదునాఱు. నీరు కనబడలేదని యొకరు చింతించిరి.

మిక్కిలి తక్కువ మెప్పులు, తొమ్మిదే, వచ్చిన పటమును మేము మొదటి స్థానమున నిలుపుదుము. దానిని తీసినది వనపర్తిలోని యొక యిల్లాలు. అందున్నవి రెండు చేతులు, ఒక చేట, అందు బియ్యము. మా వైపు పాత మిద్దెయిండ్లలో కప్పునకు వెలుతురు కొఱకు గవాచి యుండును. దానినుండి దిగిన వెలుగు చేటమీద మాత్రము పడినది. తక్కిన వంటిల్లంతయు చీకటి. ముడుతలు పడిన యా వ్రేళ్ల నడుమ మెఱిక యొకటి పట్టుబడినది. దానిని పాఱవేయబోవు క్షణము. గవాచి వెలుతురును మించిన చిత్రశాల మా సీమలో మఱి లేదు. అయినను ఏడువందల పటములలో దానిని వాడుకొన్నవా రింకెవ్వరును లేరు. వంటింటికి పోవువారికి కెమెరా లేదు, కెమెరా గలవారు వంటింటికి పోరు. మొగ మేల తీయలేదని మే మడిగితిమి. 'మా యత్తమ్మ మొగం వద్దన్నది. చేతులు తీసుకో అన్నది' అని యామె సమాధానము. ఔచిత్యమే కావ్యమునకు ప్రాణమన్న క్షేమేంద్రుడు ఈ మాట వినియుండిన సంతోషించెడివాడు. అడిగినది, వద్దన్నంతవఱకు మానినది, ఇచ్చినదానితోనే యంత పని చేసినది.

1892లో దీనదయాళు హైదరాబాదులో స్త్రీలకు మాత్రమే ప్రత్యేకముగా నొక ఛాయాచిత్రశాల తెఱచి, దాని నొక ఆంగ్లస్త్రీ చేతి క్రింద నుంచెను. పరదా వెనుకనున్న కులస్త్రీలు అచ్చటికి పోయి పటములు తీయించుకొనిరి. ఆనాటికి అది పెద్ద యడుగే. అయినను ఆ యాడువారు తీయబడినవారే గాని తీసినవారు కారు. ఇప్పుడు వంటింటిలో నున్నామె తానే తీసినది. ఏమి చూపవలెనో, ఏమి దాచవలెనో ఆమెయు ఆమె యత్తగారును కూడి నిర్ణయించుకొన్నారు. ఈ భేదమును మగవారైన మా మిత్రులు గుర్తింపకుండుట మాకు వింతగా తోచలేదు గాని వెగటుగా తోచినది.

ఇచట మఱియొక పటమును గూర్చి చెప్పక తీఱదు. నాగర్‌కర్నూలు మిత్రు డొకడు నల్లమలలోని యొక చెంచుపెంటకు పోయి వృద్ధురాలి నొకతెను తీసెను. ముడుతలన్నియు లెక్కపెట్టునంత స్పష్టముగా మొగమొక్కటే పటమంతయు నిండియున్నది. క్రింద 'అడవితల్లి' యని వ్రాసెను. ఇంతవఱకు బృందమున నన్నింటికంటె నెక్కువ మెప్పులు దీనికే వచ్చినవి. సాంకేతికముగా తప్పు పట్టుటకు మాకేమియు దొరకలేదు. అయినను చూచినకొలది మనసు కలత చెందెను. ఆమెను అడిగితివా యంటిమి. 'నవ్వినది గనుక ఒప్పుకొన్నట్లే' యనెను. పేరేమి యంటిమి. తెలియదనెను. ఆమెకు చూపితివా యంటిమి. 'ఆమెకు ఫోను లేదుగదా' యనెను.

ఈ చెంచులను పటములు తీసినవారిలో ఈయన మొదటివాడు కాడు. 1940 ప్రాంతమున క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు పండితుడు అమ్రాబాదు పీఠభూమిలో చెంచులతో కలిసి యుండి, 1943లో వారిని గూర్చి పెద్దగ్రంథము ప్రకటించెను. ఆయన తీసిన పటములు నేడు లండనులో ప్రాచ్యవిద్యల కళాశాలయందు భద్రముగా నున్నవి. అందు కనబడువారి మనుమలు అమ్రాబాదు అడవిలోనే యున్నారు. వారి తాతముత్తాతల మొగములు సముద్రముల కావల నున్నవి. హైమండార్ఫ్ వారి మేలు కోరినవాడే. అయినను పటము పోయిన దూరమును, తీయబడినవానికి అది తిరిగి చేరుటకు పట్టిన కాలమును చూడుడు.

మేలు కోరనివారి చేతిలో కెమెరా ఏమగునో చెప్పుటకు డబ్ల్యూ. డబ్ల్యూ. హూపరు అను సైనికాధికారి చరిత్ర చాలును. ఇతడును వృత్తిరీత్యా ఛాయాచిత్రకారుడు కాడు, వేడుకకే తీయువాడు. 1876 మొదలు 1878 వఱకు మద్రాసు రాజధానిలో కఱవు ప్రబలినపుడు అస్థిపంజరములైన మనుష్యులను వరుసగా కూర్చుండబెట్టి తీసెను. కర్నూలు సీమవారిని నిలువున దహించిన కఱవది. తరువాత 1886లో బర్మాలోని మాండలేలో సేనలకు దండనాధికారిగా నుండి, మరణశిక్ష పడినవారిని కాల్చు క్షణమును పటములో పట్టుటకై తుపాకుల యాజ్ఞను తన కెమెరాకు అనువుగా నడపెనని అల్లరి పుట్టినది. విచారణ జరిగి మందలింపు పొందెను. మా నాగర్‌కర్నూలు మిత్రుని హూపరుతో పోల్చుటలేదు. అతడు మెత్తని మనసు గలవాడు. కాని ఎదుటి మనుష్యుని యందు మనుష్యుని గాక పటమును మాత్రమే చూచుట యను రోగము ఇరువురికిని ఒక్కటే. తీవ్రతయందే భేదము. మే మీ మాట వ్రాసి పంపగా ఆయన నెలదినములు మాతో మాటలాడలేదు. పిదప ఒక ప్రతిని అచ్చు వేయించుకొని పెంటకు పోయివచ్చెను. ఆమె దానిని చూచి, తా నింత ముసలిదాన నైతినా యని నవ్వి గుడిసెలో దాచుకొన్నదట. ఇప్పు డాయనకు ఆమె పేరు తెలియును. దానిని ఇచట వ్రాయుటకు ఆమె యనుమతి మాకు లేదు.

పేరు, ఊరు అని మే మింతగా పట్టుపట్టుటకు కారణము మా సీమలోనే యున్నది. ఆలంపురము ప్రాంతపు ఇటిక్యాలపాడువారైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున తెలుగు కవులే లేరన్న మాట ఒకరు వ్రాసినపుడు ఆయన తగవులాడుచు కాలము గడుపలేదు. కవితలు పంపుడని పత్రికాముఖమున నూరూరివారిని అడిగి, వచ్చినవానిని కూర్చి, 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించిరి. పలువురు తలయొక చేయి వేసి ఒకచోట కూర్చుట యను పనికి తెలుగున ఇంతకంటె మంచి యుదాహరణము మాకు తెలియదు. ఆ సంచికయందు కవుల పేళ్లును ఊళ్లును లేక పద్యములు మాత్రమే యుండినచో, అవి యెంత మధురములైనను ఆక్షేపణకు సమాధానము కాకపోవును. పద్యము రుచి తెలిపినది. పేరూరు సాక్ష్యము పలికినది.

ఆయనయే 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర ప్రకటించిరి. పూర్వులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి యని తెలిసికొనుటకు ఆయన క్రీడాభిరామమును, శుకసప్తతిని, హంసవింశతిని పుటపుటకు గాలింపవలసి వచ్చెను. రాజుల పెండ్లిండ్లు కావలసినన్ని దొరకును గాని, పేదయింటి చేట యెట్లుండెనో తెలియుటకు ఏ కవియో దారి తప్పి వ్రాసిన యొక పాదమే గతి. నేడు ప్రతి యింటను కెమెరా యున్నది. ఇప్పటి వంటిల్లు, ఇప్పటి చేలు, ఇప్పటి బడి, వలసపోవు పాలమూరు కూలీల మూటలు ఇవన్నియు రేపటి చరిత్రకారునకు పుష్కలముగా దొరకవలెను. దొరకవని మా భయము. ఆయనకు నూటయిరువది సూర్యాస్తమయములు దొరకును.

పని కష్టమైనది కాదు. సెల్‌ఫోను ప్రతి పటముతోను తీసిన తేదీని, వేళను, ఒప్పుకొన్నచో చోటును గూడ గుప్తముగా వ్రాసియుంచును. దానిని వాట్సాపులో మామూలు పటముగా పంపగానే పటము కుదించుకొనిపోయి, ఆ వ్రాత తుడిచిపెట్టుకొనిపోవును. దస్త్రముగా, అనగా డాక్యుమెంటుగా పంపినచో నిలుచును. ఇది మేము మా పదవతరగతి విద్యార్థివలన నేర్చితిమి. తీసినవాని పేరు, తేదీ, చోటు, విషయము అన్నియు వ్రాసి పటమును లోకమునకు ధారపోయదలచినవారికి 2004లో పుట్టిన వికీమీడియా కామన్సు గలదు. తెలుగు వికీపీడియాలో మన గుడులను గూర్చియు ఊళ్లను గూర్చియు వ్యాసములు వ్రాయువారు అచటినుండియే పటములు తీసికొందురు. మనుష్యులున్న పటమైనచో వారి నడిగిన పిదపనే.

తుదకు మమ్ము ఈ వ్యాసమునకు పురికొల్పిన పటము మాట. అది బృందమువారు తీసినది కాదు. రైల్వే మిత్రుడు తన తల్లి పెట్టెలో దొరికిన నలుపు తెలుపు పటమును ఫోనుతో తీసి యుంచెను. ఒక యింటి ముందు పెండ్లివారు పదునొకండుగురు. వధూవరుల నుదుట బాసికములు. కదలినందున మొగము చెదరిన బాలు డొకడు. ప్రక్కన ఱాతి యరుగు, దానిమీద ఇత్తడిచెంబు. వెనుక అట్టమీద చిత్రశాల ముద్ర చెరిగి, 'ర్నూలు' అను రెండక్షరములు మాత్రము మిగిలినవి. కర్నూలో, నాగర్‌కర్నూలో! దీనికి నలువదిరెండు నమస్కారములు, హృదయచిహ్నములు వచ్చినవి. ఒక్క ప్రశ్న రాలేదు. ఏ యూరని మే మడిగితిమి. తనకు తెలియదనియు, తల్లి పోయి మూడేండ్లయ్యె ననియు ఆయన వ్రాసెను. బృందము కొంతసేపు మౌనము వహించినది. పిదప సూర్యాస్తమయ మొకటి వచ్చినది.

మా సీమలో ఈ ప్రశ్నకు విలువ యెక్కువ. శ్రీశైలము జలాశయము నిండినపుడు, 1980 తరువాతి తొలి యేండ్లలో, కృష్ణ యిరుదరుల నూటికి పైగా గ్రామములు నీట మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును ఱాతికొక యంకె వేసి విప్పి ఆలంపురమున మరల పేర్చిరి. జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని గూడ మెఱకకు తరలించిరి. ఇండ్లకు అంకెలు వేసినవారు లేరు. వేసవిలో నీరు తగ్గినపుడు ఆవలియొడ్డు సప్తనదీ సంగమేశ్వరాలయము పైకి తేలును. సోమశిల నుండి పడవలమీద పోయి అందఱును దానిని తీయుదురు. మా యేడువందలలో అదియును ముప్పదిసార్లున్నది. మునిగిన యిండ్లు మాత్రము తేలవు. పెట్టెలలోని యిట్టి పటములలోనే యున్నవి, అవియును పేరు లేక.

పదిదినముల తరువాత వనపర్తినుండి జాబు వచ్చినది. చేట పటము తీసిన యా యిల్లాలు దీనిని తన యత్తగారికి చూపినదట. ఆ వృద్ధురాలు ఫోనును కంటికి దగ్గఱగా పట్టుకొని చాలసేపు చూచి, 'ఇది మా పాత జటప్రోలే గదా బిడ్డా! గా అరుగు మా పెద్దమ్మోళ్లది. ఎన్ని పొద్దులు కూసున్ననో దానిమీద' అన్నది. మొగము చెదరిన బాలుని గూర్చి, 'వాడా, వాడు ఒక్కతాన నిలువకపోయేది' అన్నదట. పదునొకండుగురిలో నలుగురి పేళ్లు చెప్పినది. కోడలు వానిని ఒక కాగితముమీద, ఎడమనుండి కుడికి, అంకెలు వేసి వ్రాసి, రైల్వే మిత్రునికి పంపినది. ఆయన తల్లి ఆ నలుగురిలో నొకతె. వధువు వెనుక నిలిచిన పదేండ్ల పిల్ల.

ఇంకను ఏడుగురున్నారు. పటమును పెద్దదిగా అచ్చు వేయించి, వచ్చు ఆదివారమున ఆ యత్తగారిని వెంటబెట్టుకొని, మువ్వురు కొత్త జటప్రోలుకు పోయి అచ్చటి వృద్ధులకు చూపనున్నారు. ఆ సాయంకాలమున తమనుండి సూర్యాస్తమయము లేమియు రావని ముందుగానే బృందమునకు తెలియపఱచినారు.